మవ్లుదా సిమెంటు

మవ్లుదాను మా కోకంద్ ఊరి దంతవైద్యశాలలో అందరూ పళ్ళ పిచ్చిది అనేవాళ్ళు. ఆమెకు వినబడేటట్టే అనేవాళ్ళు. ఆమెకు కోపం వచ్చేది కాదు. కోపమంతా నాకే వచ్చేది, ఎందుకంటే ఆ పిచ్చికి కావలసిన బ్యాక్టీరియాను పెంచి పోషించే పని నాది. నేను సూక్ష్మజీవుల గదిలో కూర్చునేదాన్ని. ఆమె నడవాకు అవతల, రోగుల కుర్చీ ఉన్న గదిలో. పొద్దున్నే తలుపు తోసుకొచ్చి, సలాం కూడా పూర్తిగా చెప్పకుండా, "సనోబర్ అక్కా, నా పురుగులు నిద్ర లేచాయా?" అని అడిగేది.

"లేచాయి. నీకంటే ముందే లేచి మొహాలు కడుక్కున్నాయి. తలుపెయ్యి, చలి," అనేదాన్ని.

సన్నగా, పొడుగ్గా ఉండేది. నిలబడే రొట్టె తినేది, నిలబడే టీ తాగేది. ఎవరితో మాట్లాడినా కళ్ళలోకి కాదు, నోట్లోకి చూసేది. కొత్తవాళ్ళు ఇబ్బంది పడి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆమెతో కలిసి చదివినవాళ్ళంతా బజారు పక్కన సొంత గదులు తెరిచి, గోడలనిండా అద్దాలు పెట్టించి, బొజ్జలు పెంచారు. ఈమె ఉన్నచోటే ఉండిపోయింది. ఏదో సాధిద్దామని ఉండిపోయినవాళ్ళను చూస్తే నాకు జాలి కంటే చిరాకు ఎక్కువ. మవ్లుదా మీద మాత్రం ఆ చిరాకు నిలిచేది కాదు.

ఆ పిచ్చి ఏమిటో చెప్తాను. పన్ను వేరు కొసన చీము పడితే పన్నుకు పైనుంచి రంధ్రం చేసి, లోపల శుభ్రం చేయాలి. ఆ దారి మూసుకుపోయి ఉంటే చిగురు కోసి, ఎముకలో చిన్న కిటికీ తెరిచి, వేరు కొసను తుంచి, తుంచిన చోట గుంట తవ్వి ఏదో ఒకటి కూరాలి. వీధి తలుపు బిగుసుకుపోతే పెరటి గోడ దూకి ఇంట్లోకి వెళ్ళడం లాంటిది. ఆ కూరినది గట్టిగా పట్టుకుంటే పన్ను బతుకుతుంది. వెంట్రుకంత సందు ఇచ్చినా బ్యాక్టీరియా దూరుతుంది, పన్ను పోతుంది. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద సమస్యలు లేవా అని నేనొకసారి అడిగితే, "పన్ను నొప్పి పుట్టినప్పుడు లేవక్కా," అంది.

అలా కూరడానికి పాతకాలం నుంచీ వాడే పాదరసం ముద్ద ఉంది, జింకు పేస్టు ఉంది. రెండూ కొన్నాళ్ళకు కారతాయి. విదేశాల్లో వాడే బూడిదరంగు పొడి ఒకటుంది, అది బాగా నిలుస్తుందని పేరు. రాజధానిలో పెద్ద డాక్టర్లకు దొరుకుతుంది. మాకు పరీక్షల కోసమని ఎవరి దయవల్లో ఒకే ఒక చిన్న పొట్లం వచ్చింది. మా దగ్గరికి వచ్చే పత్తి రైతులకు, బజారు ఆడవాళ్ళకు మిగిలేది పట్టకారు ఒక్కటే. పీకి పంపేయడమే. ఆ పని రోజూ చేసి చేసి మవ్లుదాకు విసుగొచ్చింది.

ఆ విదేశీ పొడి, ఇళ్ళు కట్టే సిమెంటుకు దగ్గరి చుట్టమని ఆమె చదివింది. మా లోయలో సిమెంటుకు కరువేముంది? ఫ్యాక్టరీనుంచి తెల్ల సిమెంటు తెచ్చింది. వాళ్ళ నాన్న పట్టుపురుగులు పెంచేవాడు, ఆయన ఇంట్లో మిగిలిన పట్టుగుడ్డతో ఆ సిమెంటును జల్లించింది. వేడి చేసింది, ఎక్స్‌రేలో కనబడడానికి బిస్మత్ పొడి కలిపింది. కలిపి, ఆరబెట్టి, గీరి, పారేసి, మళ్ళీ కలిపి రెండు చలికాలాలు గడిపింది. ఆఖరికి ఒకరోజు నా బల్లమీద చిటికెడు తెల్ల పొడి పెట్టి, "ఇదీ నా బిడ్డ," అంది.

"బిడ్డకు పేరు పెట్టావా?"

"మీరు పెట్టండి."

"మవ్లుదా సిమెంటు," అన్నాను ఎగతాళిగా. ఆ పేరే నిలిచిపోయింది.

ఇక పరీక్ష. పీకిన పన్ను వేరు కొస కోసి, అక్కడ మందు కూరి, పన్ను బయటంతా ఆడవాళ్ళ గోళ్ళ రంగు రెండు పూతలు పూసి, ఒక గాజుగొట్టం నడుమ బిగించాలి. పన్ను పైన బ్యాక్టీరియా కలిపిన మాంసపు రసం, పన్ను కింద ఏమీ లేని తేట రసం. బ్యాక్టీరియా మందును దాటుకుని దిగితే కింది రసం మసకబారుతుంది. దిగకపోతే తేటగా ఉంటుంది. నాలుగు మందులకు నాలుగు వరసల గొట్టాలు. పెంచేదీ, పోసేదీ, రోజూ ఇంక్యుబేటర్ తెరిచి చూసేదీ నేను. పళ్ళు తెచ్చేదీ, కూరేదీ, రంగు పూసేదీ ఆమె.

పళ్ళు తేవడమే పెద్ద గండం. మా వైపు పీకిన పన్నును ఎవరూ వదిలి వెళ్ళరు. శరీరంలోంచి వచ్చింది మట్టిలోకే పోవాలని రుమాలులో కట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి, గోడవార పాతిపెడతారు. మవ్లుదా ఒక్కొక్క ముసలమ్మనూ బతిమాలేది. "ఎందుకమ్మా నా పన్ను నీకు, చేతబడి చేస్తావా?" అని ఒకావిడ నడవా దద్దరిల్లేలా అరిచింది. మంచి పళ్ళు కొన్ని ఎలాగో పోగయ్యాయి. పాదరసానికీ, జింకుకూ, విదేశీ పొడికీ అవి సరిపోయాయి. తన సిమెంటు వంతు వచ్చేసరికి జాడీ ఖాళీ.

అప్పుడు రైల్వే స్టేషన్ దగ్గర పాత గదిలో పళ్ళు పీకే హోషిమ్ తాత ఆదుకున్నాడు. ఆయనకు పన్ను పాతిపెట్టడాల మీద నమ్మకం లేదు, అసలు దేనిమీదా లేదు. పీకినవన్నీ ఒక జాడీలో వేసి ఉంచేవాడు. ఆ జాడీ ఎత్తి మవ్లుదా చేతిలో పెట్టి, "తీసుకుపో పిల్లా, నా జీవితమంతా ఇందులోనే ఉంది," అన్నాడట. ఆమె ఆ జాడీని చంకలో పెట్టుకుని, పండగనాడు హల్వా తెచ్చుకున్నట్టు తెచ్చుకుంది.

గొట్టాలు ఇంక్యుబేటర్‌లోకి వెళ్ళాయి. ఏ మందూ కూరని పళ్ళు, ఉత్త పోలికకోసం పెట్టినవి, వెంటనే మసకబారాయి. తర్వాత పాదరసం. జింకు దాని వెనకే. విదేశీ పొడి చాలాకాలం ఓర్చుకుంది, ఆఖరికి అందులోనూ కొన్ని గొట్టాలు పాలు విరిగినట్టయ్యాయి. మవ్లుదా సిమెంటు వరసలో ఒక్క గొట్టం కూడా మారలేదు. అంత తేటగా ఉన్నాయవి, వెనక ఉన్న గోడమీద పగులు కూడా కనిపించేది. ఆమె రోజుకు పదిసార్లు వచ్చి చూసి పోయేది.

ఆ చలికాలమే ఎర్గష్ పన్ను వాచింది.

ఎర్గష్ ఆమె భర్త. పెళ్ళిళ్ళలో సన్నాయి ఊదేవాడు. మా ఊళ్ళో సన్నాయి లేకుండా పెళ్ళికొడుకు గడప దాటడు, ఎర్గష్ సన్నాయి ఉంటే వీధి వీధంతా వెంట నడుస్తుంది. ఆయన బుగ్గలు ఉబ్బి, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో తెలియకుండా ఊదుతుంటే, డోలు వాయించేవాళ్ళే దరువు మరిచిపోయి చూసేవాళ్ళు. మనిషి ఇంట్లో ఉన్నా బయట ఉన్నా నవ్వుతూనే ఉండేవాడు. నవ్వితే ముందు పళ్ళు రెండూ బంగారం.

ఆ బంగారం వెనక ఒక కథ ఉంది, కథ అనడానికి ఏముంది, మా తరం వాళ్ళందరిదీ అదే. ఆ రోజుల్లో పెళ్ళికొడుకు నోట్లో బంగారం మెరవకపోతే ఇంటికి పరువు లేదు. ఎర్గష్ వాళ్ళమ్మ పట్టుబట్టి, రాయిలాంటి పళ్ళను అరగదీయించి తొడుగులు వేయించింది. అరగదీసేముందు లోపలి నరం చంపి, ఫార్మలిన్ కలిపిన ఎర్ర మందు ఒకటి కూరేవారు. అది గట్టిపడితే ఇటుకే. సూది కూడా దిగదు. పన్ను లోపలంతా ఎర్రబారిపోతుంది. మా ఊళ్ళో సగంమంది నోళ్ళలో అలాంటి ఎర్ర పళ్ళే. ఎర్గష్‌కు ఆ పని చేసింది హోషిమ్ తాతే.

ఇప్పుడు వాచింది ఆ బంగారు పళ్ళలో ఒకటి. అందుకని దానికి వీధి తలుపు లేదు. బంగారం తీసినా దాని కింద ఇటుక. మా వైద్యశాల పెద్దాయన, ఉస్తాద్ మిర్జాహిద్, ఎక్స్‌రే కిటికీ వెలుతురుకు పెట్టి చూసి, "పీకెయ్యి," అన్నాడు.

"పీకితే నేను ఊదలేను ఉస్తాద్," అన్నాడు ఎర్గష్. అప్పుడు మాత్రం నవ్వలేదు.

"కట్టుడు పన్ను పెట్టుకో."

"మా గురువుగారు పెట్టుకున్నాడు. ఊదితే పన్ను ఒకవైపు, పాట ఒకవైపు పోయేవి. ఆ తర్వాత పుచ్చకాయలు అమ్ముకున్నాడు."

నేను అక్కడే ఉన్నాను. మవ్లుదా మొహంలో భయం చూద్దామనుకుంటే భయం లేదు, ఉత్సాహం ఉంది. ఉస్తాద్ వెళ్ళాక ఆమె నా చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్ళింది.

"కొస కోసి నా సిమెంటు పెడతానక్కా."

"నీ సిమెంటా? విదేశీ పొడి ఇంకా కొన్ని పళ్ళకు సరిపడా ఉందిగా. మొగుడి నోట్లో అది పెట్టు. నీ పంతం పరాయివాళ్ళ నోట్లో చూపించుకో."

"పంతం కాదక్కా. మీ ఇంక్యుబేటర్ మీరే తెరిచి చూడండి. అది కారింది, నాది కారలేదు. తెలిసి తెలిసి ఆయనకు తక్కువరకం ఎందుకు పెట్టాలి?"

గొట్టాలను నేనూ చూశాను. ఆమె చెప్పింది నిజమే.

కోసింది. చెయ్యి తిరిగిన మనిషి, పని చకచకా అయిపోయింది. కుట్లు వేశాక ఎర్గష్ దూది నోట్లో పెట్టుకునే, "పెరట్లో గోడ కూలిందే, కాస్త సిమెంటు తేవే అంటే ఏడాదినుంచీ తేలేదు. నోట్లో మాత్రం కట్టేసింది చూడక్కా," అన్నాడు. మవ్లుదా దూది ఊడిపోతుందని కసురుతూనే నవ్వింది. ఆమె నవ్వితే చిగుళ్ళు కనిపించేవి, అందుకే తక్కువ నవ్వేది. ఆ రోజు చాలాసేపు నవ్వింది.

నేరేడు పండంత వాపు తగ్గిపోయింది. వసంతం వచ్చింది, పెళ్ళిళ్ళు వచ్చాయి. మా వీధిలో ఒక పెళ్ళిలో తెల్లవారుజామున పెట్టే పలావు విందుకు వెళ్ళాను. ఎర్గష్ పొడుగు బూరల వాళ్ళ నడుమ నిలబడి సన్నాయి ఎత్తాడు. నాకు పెళ్ళిళ్ళంటే పడదు, రద్దీ, కేకలు, పళ్ళేనికి పళ్ళెం తోసుకోవడం. కానీ ఆ పొద్దున ఆయన ఊదింది విని పలావు చల్లారిపోయేదాకా చెయ్యి పెట్టలేదు. గుంపులో దూరంగా మవ్లుదా నిలబడి ఉంది. అందరూ సన్నాయి వింటున్నారు, ఆమె ఆయన పై పెదవి చూస్తోంది.

పరీక్ష ముగిసింది. ముగిసినప్పుడు కొన్ని పళ్ళను నిలువునా చీల్చి లోపల గీకి, బ్యాక్టీరియా ఎంతవరకు వచ్చి ఆగిందో చూడాలి. అది నా వాటా పని. నిజం చెప్పాలంటే మంచి ఫలితం వస్తే నాకు నిద్ర పట్టదు. విదేశీయులు ఏళ్ళ తరబడి తంటాలు పడి చేసిన పొడిని, పట్టుగుడ్డలో జల్లించిన మా సిమెంటు అంత సులువుగా ఓడిస్తుందా? అయినా ఓడించాలనే కోరుకున్నాను. ఆమె వరసలోంచి ఒక గొట్టం తీసి, పన్నును చీల్చాను.

లోపల దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది.

రెండోది చీల్చాను. అదీ ఎరుపే. మూడోది కూడా. గీకినదాన్ని పెంచితే ఏమీ మొలవలేదు. మందు దాకా వచ్చి ఆగిన బ్యాక్టీరియా ఉండాలి కదా, అసలు పన్ను లోపల ఎక్కడా ఒక్క ప్రాణి బతికి లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా ఫార్మలిన్ వాసన. బయటంతా గోళ్ళ రంగు పూసి ఇచ్చేది కాబట్టి అంతవరకూ ఆ ఎరుపు నా కంట పడలేదు.

ఆమెను పిలిచాను. కసరుదామనే పిలిచాను.

"ఈ పళ్ళు ఎక్కడివే?"

"హోషిమ్ తాత జాడీలోవి."

"ఎర్రవని నీకు తెలుసా?"

"తెలుసు. మన నోళ్ళలో ఉండేవి ఇవే కదక్కా. మన పళ్ళమీద నిలవకపోతే ఆ మందెందుకు? ఇంకా మంచిదే అనుకున్నాను."

"వాటిలో ఏం కూరతారు?"

"ఎర్ర మందు..." అంటూ ఆగిపోయింది.

ఎర్ర మందులోని ఫార్మలిన్ శవాలు కుళ్ళకుండా పెట్టే మందు. బ్యాక్టీరియా సిమెంటు దాకా వస్తేగా, సిమెంటు ఆపడానికి. దారిలోనే చచ్చింది. మిగతా మూడు మందులనూ శుభ్రమైన పళ్ళలో పరీక్షించింది, తన సిమెంటును విషం నిండిన పళ్ళలో పరీక్షించింది. పొరపాటు ఎంత చిన్నదో చూడండి. ఇంకో ఊళ్ళో, ఇంకో దేశంలో ఎవరైనా ఆ ఎరుపు చూసి ఉలిక్కిపడేవారు. మేము పుట్టినప్పటినుంచీ ఎర్ర పళ్ళు చూస్తున్నాం. నాన్న నోట్లో ఎరుపు, అత్త నోట్లో ఎరుపు, మొగుడి నోట్లో ఎరుపు. ఆమెకు అది పన్ను రంగే తప్ప మందు కాదు. అన్నేళ్ళ కిందటి మందులో ఇంకా విషం మిగిలి ఉంటుందని తోచలేదు.

చీల్చిన పన్ను ముక్కలను అరచేతిలోకి తీసుకుని, "ఎర్గష్," అంది. భర్తను పేరుపెట్టి పిలవడం ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి.

మర్నాటినుంచి మంచి పళ్ళ వేటలో పడింది. పలువరస సరిచేయించుకోవడానికి మంచి పళ్ళు పీకించుకునే పిల్లలుంటారు, వాళ్ళ తల్లుల కాళ్ళావేళ్ళా పడి కొన్ని పోగుచేసింది. మళ్ళీ మొత్తం పరీక్ష చేస్తానంది. విదేశీ పొడి మిగిలినదంతా అందులో వాడతానంది.

"అది దాచు," అన్నాను. "ఆయన పన్ను మళ్ళీ తెరవాల్సి వస్తే?"

"ఉస్తాద్‌ను అడిగానక్కా. వేరు ఇప్పటికే పొట్టిదైపోయింది. ఇంకా కోస్తే బంగారం కింద మిగిలేదేమీ లేదు, ఊదితే ఊడి చేతిలోకొస్తుంది అన్నాడు. ఒకసారే కోయగలం. ఆ ఒకసారి అయిపోయింది."

"మరి ఈ పరీక్ష ఎందుకే? తెలుసుకుని ఏం చేస్తావు?"

"నా సిమెంటు నిజంగా కారుతుందో, నా చెయ్యి వణికి కారుతుందో పక్కన పోలిక లేకపోతే ఎలా తెలుస్తుంది? మంచిదేనేమో! ఎర్ర పళ్ళు కాకపోయినా నిలిచేదేనేమో!"

అది ఆశ అనుకుంటే ఆశ. నాకైతే మునిగేవాడి చేతులే కనిపించాయి. బ్యాక్టీరియా పెంచి ఇచ్చాను.

మవ్లుదా సిమెంటు గొట్టాలు అన్నిటికంటే ముందు మసకబారాయి. జింకు కంటే ముందు, పాదరసం కంటే ముందు. పొడి పలుకు పెద్దదై సందులు వదిలిందో, తడిలో కరిగిందో, ఏమయితేనేం. నేను ఇంక్యుబేటర్ తలుపు తెరిచినప్పుడల్లా ఆమె నా వెనక నిలబడేది. మసకబారిన గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూపిస్తే తల ఊపేది. "ఇదొకటి," అనేది మెల్లగా. విదేశీ పొడి గొట్టాలు మాత్రం ఈసారి ఒక్కటి తప్ప అన్నీ తేటగా ఉన్నాయి.

ఆ తర్వాత ఆమె ఇంకో కొమ్మ పట్టుకుంది. ఎర్గష్ పన్ను కూడా ఎర్రదే కదా. హోషిమ్ తాత విషమే దాన్ని కాపాడుతుందేమో. నేను చీల్చగా మిగిలిన ఎర్ర పళ్ళ గొట్టాలను పారేయనివ్వలేదు. కొత్త బ్యాక్టీరియా పోయిస్తూ, రసం మార్పిస్తూ వాటిని నడిపించింది. ఏ డాక్టరూ తన జన్మలో ఇష్టపడని ఆ ఎర్ర మందును తలుచుకుని, "ఇంకొన్నాళ్ళుండు తల్లీ," అని గొట్టాలతో మాట్లాడేది. నాకు ఏడుపొచ్చి అటు తిరిగేదాన్ని.

మల్బరీ పళ్ళు రాలే రోజుల్లో మొదటి ఎర్ర గొట్టం మసకబారింది. విషం కూడా కొన్నాళ్ళకు కడిగేసినట్టు పోతుంది. ఎండలు ముదిరేసరికి ఒక్కటీ తేటగా మిగలలేదు.

ఎర్గష్‌కు ఇవేవీ తెలియవు. ఆయనకు నొప్పి లేదు, వాపు లేదు. శరత్కాలపు పెళ్ళిళ్ళకు ముందే ఒప్పుకుని కూర్చున్నాడు. చిగురు చూపించుకోవడానికి నెలకోసారి వచ్చి కుర్చీలో దర్జాగా వాలేవాడు. ఆ రోజు నేను ఆఖరి గొట్టం పట్టుకుని ఆ గది గుమ్మంలో నిలబడ్డాను, ఆమెకు చూపిద్దామని. ఆమె ఆయన నోట్లోకి అద్దం పెట్టి చూస్తోంది. నన్ను చూసింది, గొట్టాన్ని చూసింది, అద్దం బయటికి తీసింది.

"ఏమండీ, మీకొకటి చెప్పాలి."

"చెప్పు డాక్టరమ్మా. ఇంకో గోడ కడతావా?"

"నేను పెట్టింది నిలవదు. పరీక్షలో తేలింది. ఇవాళో రేపో మళ్ళీ చీము పడుతుంది. అప్పుడు ఇంక కోయడానికి ఉండదు."

ఆయన నవ్వబోయి మా ఇద్దరి మొహాలూ చూసి ఆగాడు. "నిలిచేది ఇంకొకటేదైనా ఉందా?"

ఉన్నట్టు చెప్పకుండా ఊరుకోవచ్చు. నేనైతే ఊరుకునేదాన్ని. ఆ పొట్లం సంగతి ఆయనకు ఎవరు చెప్పబోయారు?

"ఉండేది," అంది మవ్లుదా. "విదేశీది. మీకు కోసిన రోజున ఈ అల్మరాలోనే ఉంది. సరిపడా ఉంది. సనోబర్ అక్క అదే పెట్టమంది. నాది మంచిదనుకుని నేను నాది పెట్టాను."

"అది పెట్టుంటే?"

"నిలిచేదేమో. చాలావరకు నిలిచేది."

"ఇప్పుడు లేదా?"

"అయిపోయింది. పరీక్షకు వాడేశాను."

ఎర్గష్ మెడకు కట్టిన తువాలు తానే విప్పుకున్నాడు. మడత పెట్టి కుర్చీ చేతిమీద వేశాడు. పెద్ద మాటేదో అంటాడని నేను ఎదురుచూశాను, అంటే బావుండునని కూడా అనుకున్నాను. "ఎల్లుండి రిష్తాన్‌లో పెళ్ళి ఉంది," అన్నాడు. నా పక్కనుంచి గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

ఆ నెలలన్నీ ఊదాడు. విన్నవాళ్ళు అంతకుముందెప్పుడూ అలా ఊదలేదన్నారు. నేను వినడానికి వెళ్ళలేదు. ఇంట్లో మాత్రం, మవ్లుదా చెప్పేది, మాటలు అవసరానికే. తిట్టడు, విసుక్కోడు. పిలిస్తే పలుకుతాడు. చిగురు చూస్తానంటే, "బాగానే ఉంది," అంటాడు. పళ్ళు తోముకునేటప్పుడు తలుపు మూసుకుంటాడు. కొన్నాళ్ళకు ఆయన రొట్టెను ఒక పక్కనే నములుతున్నాడని ఆమె గమనించింది. ఆ తర్వాత వేడి టీ చల్లార్చుకుని తాగుతున్నాడని. "వచ్చేసిందక్కా, నాకు తెలుస్తోంది. దగ్గరికి రానిస్తేగా!" అనేది. ఆమెకు తెలిసిన విద్యంతా మనిషి నోరు తెరిస్తేనే పనికొస్తుంది.

పరీక్ష ఫలితాలు తానే రాసి ఇచ్చింది. నాలుగింట్లో అన్నిటికంటే ఎక్కువ కారేది తన సిమెంటేనని, మొదటి పరీక్ష తన తప్పువల్ల చెల్లదని, మాట దాచకుండా రాసింది. ఉస్తాద్ అందరి ముందూ ఆమె నిజాయితీని మెచ్చుకున్నాడు. చప్పట్లు కూడా కొట్టారు. నాకు ఆ చప్పట్లు కొట్టిన చేతులమీద వేడి టీ పోయాలనిపించింది. ఆమె లేచి నిలబడి, కృతజ్ఞతలు చెప్పి, కూర్చుంది.

చలికాలం మొదట్లో ఒక పొద్దున నా గదిలోకి వచ్చి స్టూలుమీద కూర్చుంది. కూర్చోవడం ఆమె అలవాటు కాదు. పురుగులు లేచాయా అని అడగలేదు. నేను టీ పోసి ముందు పెట్టాను, ముట్టలేదు.

"పీకించుకున్నాడక్కా."

"ఎవరు పీకారు?"

"హోషిమ్ తాత. ఆయన దగ్గరికి వెళ్ళాడు. స్టేషన్ దగ్గర గదికి. నిన్న పొద్దున వెళ్ళి వచ్చాడట. పై పెదవంతా వాచి ఉంది. చెయ్యి అడ్డం పెట్టుకునే అన్నం తిన్నాడు. సన్నాయి మా మరిదికి ఇచ్చేశాడు."

ముసలాడి చేతులు వణుకుతాయి, కళ్ళు సరిగా కనబడవు. ఆ గదిలో నీళ్ళు కూడా సరిగా రావు. ఇంట్లో ఉన్న డాక్టరును వదిలి, అసలు ఆ ఎర్ర మందు కూరి పన్నును పాడుచేసిన మనిషి దగ్గరికే వెళ్ళాడు.

"నొప్పికి మందులిచ్చావా?"

"ఇస్తే తీసుకున్నాడు. మంచివాడక్కా. థాంక్స్ కూడా చెప్పాడు." ఆమె తన చేతులను ఒడిలో పెట్టుకుని చూసుకుంటోంది. "వేరంతా వచ్చిందో, లోపల విరిగిందో. ఎముక గీకాడో లేదో. రాత్రంతా పక్కనే పడుకున్నాను. రక్తం వాసన వస్తోంది. కుట్లు వేశాడో లేదో కూడా నాకు తెలీదక్కా."